నిరూపణ అక్కర్లేని నవ్వు

స్టూడియో మూడో అంతస్తు,
మేకప్ గదిలో ఓ మూల,
శుక్రవారం

మహారాజశ్రీ అక్కగారి దివ్య సముఖానికి,

ముందుగా క్షమాపణలు. ప్రపంచంలో ఇన్ని మతాలున్నందుకు, ప్రతి మతానికీ ఓ ప్రతినిధి తయారైనందుకు, ఆ ప్రతినిధులందరికీ దేవుడు బుర్ర కంటే ముందు గొంతు ఇచ్చినందుకు శిరసు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. బాంబు కనిపెట్టినందుకు, టీవీ కనిపెట్టినందుకు, ఆ రెంటికీ సంబంధం కలిపి పెళ్లి చేసినందుకు కూడా. వీటిలో ఏదీ నేను చేసింది కాదు. అయినా క్షమాపణల విషయంలో పిసినారితనం మా వంశంలో లేదు.

ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఫోన్ చేసి బూతులు తిడుతున్నారని సిమ్ము తీసి సొరుగులో పడేశావట. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి ఆస్పత్రి అడ్రసుకి పంపమని కబురు పెట్టావు. సంతోషం. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డం రాలేవు.

బుధవారం సాయంత్రం మా చానల్లో మీ నాన్నగారు, అంటే మా లెక్కల మాస్టారు, నవ్వడం లోకమంతా చూసింది. బస్టాండులో బాంబు పేలిన దృశ్యం వేశారు. పదకొండు మంది చచ్చిపోయిన దృశ్యం. దాని వెనకాలే సార్ ముఖం. సార్ నవ్వుతున్నారు. నాలుగు సెకన్లు.

అక్కా, ఆ నవ్వు ఆ దృశ్యం చూసి నవ్వింది కాదు. మా వంటశాల సంగతి నీకు చెప్పాలి, కాస్త ముక్కు మూసుకో.

నా ఉద్యోగం పేరు అతిథి సమన్వయకర్త. పేరు వింటే రాయబారిలా ఉంటుంది గానీ, చేసేది వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం, కాలరుకి మైకు గుచ్చడం, చర్చ అయ్యాక మైకు తొడుగుల మీది ఉమ్మిని స్పిరిట్‌తో తుడవడం. దేశంలో మత సామరస్యం ఎక్కడుందో నాకు తెలుసు: ఆ తొడుగుల మీద ఉంది. అందరి ఉమ్మీ ఒకటే వాసన. మేకప్ స్పాంజీ కూడా ఒక్కటే. పార్టీ నాయకుడి నుదుటి చెమట తుడిచిన స్పాంజీతోనే మతపెద్ద బుగ్గలకి పౌడరు అద్దుతారు.

చర్చకు ముందు ఒక తతంగం ఉంటుంది. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ కెమెరా ముందు కూర్చోబెట్టి తలూపే షాట్లు తీస్తాం. "ఓసారి తలూపండి. ఓసారి అడ్డంగా. కాస్త ఆలోచిస్తున్నట్టు. కాస్త నవ్వండి." తర్వాత మధ్యలో ఎక్కడైనా అతుకు పెట్టాల్సి వస్తే ఆ ముక్కలు వాడతారు. మా ప్రత్యక్ష ప్రసారం మూడు గంటల ముందు రికార్డు చేసిందే లే, ఆ సంగతి నీకూ నాకూ మధ్యనే ఉండనీ. సార్‌కి కూడా తలూపే షాట్లు తీశారు. అందులో ఆయన ఎందుకో నవ్వారు. మనుషులన్నాక నవ్వుతారు. ఆ నవ్వుని మా ఎడిటరు కత్తిరించి బాంబు పక్కన అతికించాడు. అతన్ని ఇక్కడ కత్తెర అంటాం. కన్నతల్లి పిలిచే పేరు ఎవరికీ తెలియదు.

అసలు దృశ్యం వేసినప్పుడు సార్ ఏం చేశారో నేను చూశాను. కళ్ళజోడు తీసేశారు. అరచేత్తో కళ్ళు నొక్కుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనేమో అనుకున్నాను. కాదు, పడిపోయిన వాళ్ళని లెక్కపెడుతున్నారు. లెక్కల మాస్టారు కదా.

అందుచేత కంగారు పడకు. నాలుగు రోజులు పోతే జనం ఇంకో నవ్వు వెతుక్కుంటారు.

చిన్నప్పుడు స్కూలు దాకా నీ వెనకే వేలాడిన,
తోక

*

ఆస్పత్రి, రక్త పరీక్షల గది,
మంగళవారం

ఒరేయ్ తోకా,

వెధవ్వేషాలు చాలు. నీ ఉత్తరం భోజనం డబ్బా ముందు పెట్టుకుని చదివాను. డబ్బా మూత తీయబుద్ధి కాలేదు.

బాంబు పేలిన రోజు గాయపడిన వాళ్ళని తెచ్చింది మా ఆస్పత్రికే. ఆ రోజు పొద్దున పది నుంచి మర్నాడు సాయంత్రం దాకా నేను ఈ గది వదల్లేదు. ఎవరి రక్తం ఎవరికి సరిపోతుందో చూసి సంచులు పైకి పంపుతూనే ఉన్నాను. అరవై రెండు సంచులు. ఒక్కదాని మీదా మతం రాసి లేదు. ఇప్పుడు నా పక్క బల్ల అబ్బాయి తన టీ కప్పు తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టుకుంటున్నాడు. నిన్న వాడే అడిగాడు, "మీ నాన్నగారు ఎందుకలా నవ్వారండీ?" అని. మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదకే ఒళ్ళు మండింది.

నాన్న స్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాడు. మొన్న నోటీసు ఇచ్చారు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున కమిటీ ముందుకు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. అప్పటిదాకా క్లాసుకి వెళ్ళొద్దన్నారు. రోజూ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, కుర్చీలో కూర్చుని, మళ్ళీ విప్పేస్తున్నాడట. అమ్మ చెప్పింది.

ఇంకోటి విను. ఆదివారం ఒకడు ఇంటికొచ్చాడు. ఎవరో తెలియదు. మావాడే, అంటే మా మతం వాడే. నాన్నని గట్టిగా కావలించుకుని, "మాస్టారూ, మీ నవ్వు చూసి మా కుర్రాళ్ళకి ధైర్యం వచ్చింది" అన్నాడట. నాన్న వాణ్ణి మెడపట్టి గెంటాడు. ఆ చొక్కా విప్పి బకెట్లో పడేశాడు, రెండుసార్లు స్నానం చేశాడు. ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఫలానా మనిషి వచ్చాడు, మా పిల్లల చెవుల్లో విషం పోసేది ఇలాంటి వాళ్ళే, రాసుకోండి అన్నాడు. వాళ్ళు రాసుకున్నారు. రాసుకుని, "ఊళ్ళో ఇంతమంది ఉండగా వాడు మిమ్మల్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చాడు?" అని అడిగారు.

చూశావుగా. మమ్మల్ని అసహ్యించుకునే వాళ్ళూ ఆ నవ్వు నిజమే అనుకున్నారు, మేం అసహ్యించుకునే వాళ్ళూ నిజమే అనుకున్నారు. ఇన్నాళ్ళకి ఇద్దరికీ ఒక మాట కుదిరింది.

నాకు కావలసింది ఒకటే. కత్తిరించని రికార్డు. తలూపే షాట్లు ఎప్పుడు తీశారో, దృశ్యం వేసినప్పుడు నాన్న ఏం చేశాడో, మొత్తం. నువ్వక్కడే ఉన్నావు. తెచ్చి కమిటీ ముందు పెట్టు. నీ జోకులు నీ దగ్గరే ఉంచుకో.

అక్క

*

స్టూడియో మూడో అంతస్తు,
మెట్ల కింద బల్ల,
సోమవారం

అక్కగారికి ఆజ్ఞాబద్ధుడు రాయునది,

ఆజ్ఞ శిరసావహించాను. రికార్డు కార్డులుండే బీరువా తాళం కత్తెర మెడలో ఉంటుంది. స్నానం చేసేటప్పుడైనా తీస్తాడనుకుందామంటే, స్నానం చేసిన దాఖలాలు లేవు. ప్రయత్నంలో ఉన్నాను.

ఈలోగా ఇక్కడి వార్తలు. సార్ నవ్వు మీద ఇంకో రెండు చర్చలు పెట్టారు. మొదటిదాని పేరు "ఆ నవ్వు వెనక ఎవరు?" రెండోదాని పేరు "నవ్వుతున్నది ఒక్కరేనా?" మూడోది శనివారం. పేరు ఇంకా దొరకలేదు గానీ ప్రశ్నార్థకం మాత్రం సిద్ధంగా ఉంది. మా యాంకరుకి ప్రశ్నార్థకం ఒక గొడుగు. దాని కింద నిలబడి ఎవరి మీద ఏం పోసినా తను తడవడు.

రోజూ వచ్చే ఇద్దరి గురించి నీకు చెప్పలేదు కదూ. ఒకాయన మతపెద్ద. ఏ మసీదుకి పెద్దో ఎవరికీ తెలియదు, పగలు స్థలాలు అమ్మిపెడతాడు. ఇంకొకాయన పార్టీ మనిషి. మేం ఒకర్ని అగ్గిపెట్టె, ఇంకొకర్ని కిరసనాయిలు అంటాం. ఎవరు ఏదన్నది రోజును బట్టి మారుతుంది. ఇద్దరూ ఒకే కార్లో వస్తారు. మేకప్ గదిలో ఒకరి మోకాలి నొప్పికి ఇంకొకరు మాత్ర చెప్పుకుంటారు. లోపలికి వెళ్ళాక ఒకడు "మా జోలికొస్తే దేశం మండిపోతుంది" అంటాడు, ఇంకొకడు "మండించడమే కదా మీ గ్రంథంలో ఉంది" అంటాడు. బయటికొచ్చి, "ఇవాళ నీ గొంతు బాగా లేచిందోయ్" అని ఒకరి భుజం ఒకరు తడతారు. వెనక నేను తొడుగులు తుడుస్తుంటాను.

ఆ బుధవారం వాళ్ళ మధ్యే సార్‌ని కూర్చోబెట్టారు. పేపర్లో బాంబు గురించి ఆయన రాసిన ఉత్తరం చూసి యాంకరు సెక్రటరీ పిలిచింది. నేను కాదు, ఇది గమనించగలరు. తెర మీద ప్రశ్న: "మీ మతం హింస నేర్పుతుందా? అవునా, కాదా?" సార్ ఏమన్నారో చెప్తాను, ఎందుకంటే ప్రసారంలో అది రాలేదు.

"బాబూ, ఇది అవును కాదు అని టిక్కు పెట్టే లెక్క కాదు. పేల్చినవాడు నేను రోజూ ప్రార్థనలో చెప్పుకునే మాటనే అరుచుకుంటూ పేల్చాడు. నాకది సిగ్గు. ఆ సిగ్గు నేను దాచుకోను. మా వాళ్ళలో ఈ విషం అమ్ముతున్న వాళ్ళ పేర్లు మేమే బయటపెట్టాలి, భయపడకుండా. కానీ వాడు చేసినదానికి నా క్లాసులో పిల్లాడి వైపు వేలు చూపిస్తే, ఆ విషం అమ్మేవాడికి కొత్త కొనుగోలుదారుణ్ణి మీరే పంపిస్తున్నట్టు..."

ఇక్కడ మైకు తగ్గించేశారు. సార్ పెదాలు ఇంకో నిమిషం కదిలాయి. అక్వేరియంలో చేపలాగా. ఇద్దరికీ కోపం తెప్పించే మాట మాట్లాడేవాడు మా కార్యక్రమానికి పనికిరాడు. ఒక్కరికే తెప్పించాలి.

రాస్తుంటేనే వాంతి వచ్చేలా ఉంది. జీతం మాత్రం ఒకటో తారీఖునే వస్తుంది, ఆ విషయంలో మా సంస్థకి చాలా నియమం.

కార్డు సంగతి చూస్తాను. నెల దాటితే కార్డులు చెరిపేసి మళ్ళీ వాడతారు, కాబట్టి ఇంకా రెండు వారాల పైనే టైముంది.

తోక

*

ఆస్పత్రి, రక్త పరీక్షల గది,
గురువారం

తోకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్న అన్న మాటలు కాగితం మీద చూసి ఏడ్చాను. అవి నీకు అంత బాగా గుర్తున్నందుకు నీ మీద కోపం కూడా వచ్చింది. అంత బాగా గుర్తుంటే ఆ బీరువా ముందు నిలబడి అరవ్వేంరా?

రెండు వారాలు అంటే నువ్వు సాగదీసే రెండు వారాలా? నాకు తెలుసు నీ సంగతి. ట్యూషన్‌కి రమ్మంటే మూడు వీధులు తిరిగి, క్లాసు అయిపోయాక వచ్చి, "అయ్యో సార్, అయిపోయిందా" అనేవాడివి.

ఇంకో సంగతి. నాన్న ఒక్క విషయం చెప్పడం లేదు. తలూపే షాట్లు తీశారని చెప్తాడు, నవ్వమన్నారని చెప్తాడు. "సరే, నవ్వమంటే నవ్వేస్తావా? నువ్వు ఫొటోకి కూడా నవ్వవు కదా, నా పెళ్ళి ఫొటోల్లో కూడా ఇన్విజిలేటర్‌లా ఉన్నావు కదా" అంటే మాట మారుస్తాడు. ఆ నవ్వు నేను వందసార్లు చూశాను. అది కెమెరా కోసం నవ్విన నవ్వు కాదు. మనవాళ్ళ మధ్య నవ్వే నవ్వు. పొట్ట కదిలింది.

అక్కడ ఏం జరిగింది? నువ్వు మైకు గుచ్చావు కదా, దగ్గరే ఉంటావు కదా. ఎందుకు నవ్వాడు?

అక్క

*

స్టూడియో,
శనివారం

అక్కా,

కార్డు చెరిపేశారు. నెల దాటింది. రెండు వారాలూ రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. కత్తెర ఎప్పుడూ పనిలోనే ఉన్నాడు.

సార్ ఎందుకు నవ్వారో నాకు గుర్తు లేదు. లైట్లు సర్దుతున్నారు, హడావిడిగా ఉంది.

తోక

*

ఆస్పత్రి, రక్త పరీక్షల గది,
ఇరవై రెండో తారీఖు

తోకా,

కమిటీ అయిపోయింది. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. బయట బెంచీ మీద కూర్చోమన్నారు గానీ తలుపు సరిగ్గా పడదు, అంతా వినపడింది, సందులోంచి కనపడింది.

ప్రిన్సిపాల్ గదే. గోడకి నాన్న తయారు చేసిన అట్టముక్కల ఘనాలు, శంకువులు ఇంకా వేలాడుతున్నాయి. ఐదుగురు. అధ్యక్షుడు ఇనుప సామాన్ల వ్యాపారి. ఆయన కొడుకు పదో తరగతి గట్టెక్కింది నాన్న చలవే. ఫోన్లో ఆ నాలుగు సెకన్లు మూడుసార్లు వేశారు. వేసిన ప్రతిసారీ ఆ పేలుడు చప్పుడు. నాన్న ఉలిక్కిపడుతూనే ఉన్నాడు.

నాన్న తలూపే షాట్ల సంగతి చెప్పాడు. "అది ముందు తీసిందండీ, తర్వాత అతికించారు."

"దానికి రుజువు?"

"రికార్డు చెరిపేశారట."

"బాగుంది. పోనీ, ముందే తీశారనుకుందాం. ఎందుకు నవ్వారు?"

"నా పాత స్టూడెంటు ఒకడు అక్కడ పని చేస్తున్నాడు. ఏదో మాటన్నాడు. నవ్వొచ్చింది."

"ఎవరతను? పిలిపించండి. వచ్చి ఆ ముక్క చెప్పమనండి, కేసు మూసేస్తాం."

"చెప్పనండీ. చెప్తే వాడి ఉద్యోగం పోతుంది. చిన్నవాడు."

అప్పుడు అధ్యక్షుడు కుర్చీ వెనక్కి జరుపుకుని, నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు: "ఏం మాస్టారూ! కళ్ళకి కనిపిస్తోంది కదా, ఇంక నిరూపణ ఎందుకండీ?"

ఒరేయ్, నాన్న ఆయన వంక అలా చూశాడు. పెదవి బిగించాడు. ఆపుకోలేకపోయాడు. నవ్వేశాడు. అదే నవ్వు, పొట్ట కదిలే నవ్వు. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేదాకా.

ఐదుగురూ ఆ ఫోను వంక చూశారు, నాన్న వంక చూశారు. పది నిమిషాల్లో ఉద్యోగం తీసేస్తూ సంతకాలు అయిపోయాయి. పై కమిటీకి చెప్పుకోవడానికి పదిహేను రోజులు గడువు ఇచ్చారు. ఏం చెప్పుకుంటాడు?

బస్సులో వస్తూ అడిగాను, "నీకేమైనా మతి పోయిందా, అక్కడ నవ్వుతావా?" అని. "ఆ వాక్యం ఇంతకు ముందు ఒక పరీక్ష పేపర్లో చదివానమ్మా. సున్నా వేశాను" అన్నాడు. ఎవరి పేపరు అంటే కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంట్లోకి రాగానే చొక్కా మడతపెట్టి బీరువా అడుగున పెట్టేశాడు. రేపటికి ఇస్త్రీ చేసుకోలేదు.

నిన్ను ఏమీ అడగను. నీకు గుర్తు లేదన్నావుగా.

(సంతకం పెట్టబుద్ధి కావడం లేదు)

*

మా గది, కిటికీ పక్కన,
ఇరవై ఆరో తారీఖు

అక్కా,

ఇది నీకు రాస్తున్న చివరి జోకుల్లేని ఉత్తరమూ, మొదటి జోకుల్లేని ఉత్తరమూ. మూడు ప్రతులు రాశాను. ఒకటి నీకు. ఒకటి పై కమిటీకి, నా పూర్తి పేరు, ఉద్యోగం, సంతకంతో. ఒకటి సార్ ఉత్తరం అచ్చు వేసిన పేపరుకి. సోమవారం పదింటికి పై కమిటీ ఆఫీసు ముందు ఉంటాను. పిలిస్తే లోపలికి వెళ్తాను, పిలవకపోతే బయట బెంచీ మీదే కూర్చుంటాను. మెడలోని గుర్తింపు కార్డు నిన్న యాంకరు బల్ల మీద పెట్టేశాను. ఆయన తలెత్తి, "ఏమైంది నీకు?" అన్నాడు. ఆయన నోట నిజమైన ప్రశ్నార్థకం వినడం అదే మొదటిసారి.

ఇన్ని రోజులూ నీకు రాసిందంతా ఊరికే పక్కన నిలబడి చూసినవాడిలా రాశాను. చూసినవాడికి దోషం ఉండదని నా ధీమా. కత్తెర అతికించాడు, మైకు ఇంకెవడో తగ్గించాడు, బాంబు ఇంకెవడో పెట్టాడు, పార్టీ వాడు అరిచాడు, దొంగ మతపెద్ద అరిచాడు, చూసేవాళ్ళు చూశారు. వాళ్ళందరి మీదా కక్కాను. కక్కుకున్న ప్రతిసారీ నాకు హాయిగా ఉండేది, నేను శుభ్రమైపోయినట్టు.

నేను చేయని పనులు లెక్క రాస్తే చాలా ఉన్నాయి. బీరువా తాళం అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. కత్తెర తాళం మెడలో వేసుకోడు, అది నేను కల్పించాను, తాళం గోడ మేకుకి ఉంటుంది. నెల నిండేదాకా రోజులు లెక్కపెట్టుకున్నాను. ప్రసారం అయిన రోజు నోరు విప్పలేదు. కమిటీకి రాలేదు. కానీ ఇవన్నీ చేయని పనులే. చేసింది ఒకటుంది.

ఆ రోజు తలూపే షాట్లు తీస్తుంటే సార్ ముఖం బిగుసుకుపోయింది. నవ్వమంటే పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు పెట్టారు. కత్తెర నన్ను పక్కకి పిలిచి, "ఇవాళ చర్చ బాంబు మీద. ఈయన నవ్వు ఒకటి నా దగ్గరుండాలి. నీకు తెలిసినాయనేగా, ఎలా తీస్తావో నీ ఇష్టం" అన్నాడు. అంతకు ముందు అలా తీసిన నవ్వులు ఎక్కడెక్కడ అతికించారో అన్నీ చూసినవాణ్ణి. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు లేదు.

వెళ్ళి కెమెరా పక్కన నిలబడ్డాను. "సార్, ఎనిమిదో క్లాసు, అర్ధ సంవత్సరం పరీక్ష, నాలుగో ప్రశ్న గుర్తుందా?" అన్నాను. "రెండు త్రిభుజాలు సర్వసమానమని నిరూపించుము" అని సార్ ఇచ్చారు. నేను కింద బొమ్మ గీసి, బాణం గుర్తు వేసి, ఒకే ఒక వాక్యం రాశాను. దానికి సార్ సున్నా వేసి, ఆ పేపరు క్లాసందరికీ చదివి వినిపించి, తనే ఆపుకోలేక నవ్వారు. నా జన్మలో నేను గెలిచిన మొదటి నవ్వు అది. కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతుండగా ఆ వాక్యం మళ్ళీ చెప్పాను: "కళ్ళకి కనిపిస్తోంది కదా సార్, ఇంక నిరూపణ ఎందుకండీ?"

సార్ నన్ను చూసి నవ్వారు. నాలుగు సెకన్లు.

దేనికి వాడతారో తెలిసే నవ్వించాను.